పుల్ల కాఫీ వర్ధిల్లాలి!

మన సరయేవో ఊరికి మాటల జబ్బు ఉంది. తరతరాల జబ్బు. దానికి ఇన్నాళ్ళకి మందు దొరికింది. ఆ మందు పేరు స్పెషాల్టీ కాఫీ, సగమే వేయించిన పుల్లటి కాఫీ!

నవ్వకండి. వహీద్‌గారికి మతి పోయిందని ఉత్తరాలు రాయకండి. ఏళ్ళ తరబడి ఈ మూల కాలమ్‌లో కూర్చుని మీ చేత తిట్లు తింటున్నవాణ్ణి, నాకు అబద్ధమాడాల్సిన ఖర్మేమిటి?

మన పాత బతుకు ఒక్కసారి గుర్తు చేసుకోండి. గుమ్మంలో మనిషి నీడ పడితే చాలు, రాగి గిన్నె పొయ్యెక్కేది. మొదట రాక కాఫీ, వచ్చినందుకు. తర్వాత కబుర్ల కాఫీ, కూర్చున్నందుకు. అది ఒక గిన్నె కావచ్చు, నాలుగు గిన్నెలు కావచ్చు. ఆఖరికి ఇంటావిడకి వంటపని గుర్తొచ్చి సాగనంపే కాఫీ తెచ్చి పెట్టేది. అది చూడగానే చుట్టాలు నోరు మూసుకుని చెప్పులు వెతుక్కునేవాళ్ళు. "ఇక దయచేయండి" అని ఎవరూ ఎవరితోనూ అనక్కర్లేదు.

కాని ఆ మూడో కాఫీ వచ్చేలోపల ఎంత కాలం తగలబడిపోయేది! ఎవరి మోకాలు నొప్పి, ఎవరి కోడలు అలిగింది, ఎవరి పళ్ళసెట్టు సూప్‌లో పడింది... అన్నీ వినాలి. విని "అయ్యయ్యో" అనాలి. ఇలాగైతే దేశం ముందుకెలా పోతుంది చెప్పండి?

ఇక ముందుకి పోతుంది. నా మేనకోడలు ఆల్దీనా మమ్మల్ని ఉద్ధరించింది.

ఆల్దీనా మా అక్కయ్య షెఫికా కూతురు. నేనూ ఆ ఇంట్లోనే ఉంటాను, వెనక గదిలో. కింద ట్రామ్ పట్టాలకి ఎదురుగా, మా బావ బతికున్న రోజుల్లో గొడుగులు బాగుచేసిన కొట్టులో ఇప్పుడు ఈ పిల్ల కాఫీ గింజలు వేయిస్తుంది. మీరనుకునే కాఫీ కాదు సుమా! ఇథియోపియా, కెన్యా, యెమెన్, కొలంబియా, గ్వాటెమాలా! గోనె సంచుల్లో పచ్చి గింజలు దిగుతాయి. పచ్చిగింజ ఎప్పుడైనా చూశారా? బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ, రాయంత గట్టి, ఎండుగడ్డి వాసన. వాటిని తిరిగే డ్రమ్ములో పోస్తుంది. చిట్... చిటపట... అని మొదటిసారి పగిలాయో లేదో, ఇల్లు అంటుకున్నంత కంగారుగా బయటికి లాగేస్తుంది.

"అదేమిటే, ఇంకా వేగందే!" అన్నాను మొదటి రోజు.

"వేగితే చచ్చిపోతుంది మామయ్యా."

"ఏది చచ్చిపోతుంది?"

"మల్లెపూల వాసన."

కాఫీలో మల్లెపూలట! ఇన్నాళ్ళూ కాఫీలో కాఫీ మాత్రమే ఉంటుందనుకున్న అమాయకుణ్ణి నేను. ఇప్పుడు చూడండి, ఇథియోపియా గింజలో మల్లెపూలూ ఆప్రికాట్ పండూ, కెన్యా గింజలో టమాటా ఆకు, యెమెన్ గింజలో ఎండుద్రాక్ష. వంటింటికి సరిపడా సరుకంతా ఒక్క కప్పులో వచ్చేస్తోంది. ఇది లాభం కాదా?

"మరి నేను కుర్రతనం నుంచి తాగుతున్నది ఏమిటే?" అని అడిగాను.

"బొగ్గు" అంది, ప్రేమగానే.

వినయం నేర్పడానికి దర్గాలకీ మఠాలకీ పోనక్కర్లేదు పాఠకులారా. ఇంట్లో ఒక మేనకోడలు చాలు.

ఇక రుచి చూసే పద్ధతి వినండి. బల్ల మీద కప్పులు వరసగా పెడుతుంది. పొడిని చిన్న తక్కెడలో తూస్తుంది. మందులకొట్టు వాళ్ళు కూడా అంత శ్రద్ధగా తూయరు. వేడినీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఆగాలి. అప్పుడు చెంచాతో పైతెట్టు విడగొట్టి, ముక్కు కప్పులో ముంచినంత పని చేసి వాసన చూడాలి. ఆ పైన చెంచాడు కాఫీ సర్రుమని జుర్రాలి. జుర్రి? మింగకూడదు! పక్కనున్న చెంబులో ఉమ్మేయాలి! మా అమ్మమ్మ కాఫీ జుర్రినందుకే నా చెవి మెలిపెట్టేది. ఉమ్మితే ఏం చేసి ఉండేదో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

అన్నిటికన్నా గొప్ప నియమం ఇంకోటి ఉంది. రుచి చూస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఒకరి మాట ఇంకొకరి నాలుకని పాడుచేస్తుందట. కనుబొమ్మ కూడా ఎత్తకూడదట.

మా అక్కయ్య షెఫికా సంగతి మీకు తెలియదు. నిద్రలో కూడా పక్కింటివాళ్ళ గురించి చెబుతుంది. ఆవిడ నోరు మూయించాలని మా బావ జీవితాంతం పాటుపడి ఓడిపోయాడు. అలాంటి మనిషి ఇప్పుడు బల్లముందు చెంచా పట్టుకుని, బుగ్గలు బిగించి, మూగనోము పట్టినట్టు కూర్చుంటోంది. ఏ వైద్యుడు చేయగలడు ఈ పని?

జ్ఞానం సంగతి చెప్పనే లేదు. ఇథియోపియాలో ఏ తోట ఏ కొండమీద ఎంత ఎత్తున ఉందో మా అక్కయ్య ఇప్పుడు గడగడా చెబుతుంది. మా పై అంతస్తులోకి కిందటేడు దిగినవాళ్ళ పేరు మాత్రం తెలియదు. తెలుసుకోవాలంటే కాఫీకి పిలవాలి. పిలిస్తే వాళ్ళు మాట్లాడతారు! ఎందుకొచ్చిన గొడవ?

పంచదార కూడా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. "పంచదార వేస్తే ఆ రైతుని అవమానించినట్టు మామయ్యా" అంది ఆల్దీనా. నేను ఏ రైతునీ అవమానించాలనుకోలేదు. నోరు మూసుకుని చేదు తాగాను, పులుపు తాగాను, నా ఆరోగ్యం బాగుపడింది. ఇంతకన్నా ఏం కావాలి?

ఇన్ని మేళ్ళు చేసిన కాఫీ మా ఇంటికి చేసిన అసలు మేలు ఇప్పుడు చెబుతాను.

నెదీమ్ అని ఒక ట్రామ్ డ్రైవరున్నాడు. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. మా కొట్టు ముందు నుంచి పోయినప్పుడల్లా టంగ్, టంగ్ అని రెండుసార్లు గంట కొడతాడు. అక్కడ స్టాపు లేదు. మలుపు లేదు. పట్టాల మీద పిల్లి కూడా లేదు. ఆల్దీనా డ్రమ్ములోకి తొంగిచూస్తున్నట్టు నటిస్తుంది, చెవులు మాత్రం ఎర్రబడతాయి. ఇద్దరూ ఆదివారాలు నది ఒడ్డున తిరుగుతారు. వీధి వీధంతా ఎదురుచూస్తున్నది ఒక్కదానికే, నెదీమ్ వాళ్ళమ్మ మెవ్లిదాగారు ఎప్పుడు పెళ్ళి అడగడానికి వస్తారా అని.

మెవ్లిదాగారు ఆచారాల మనిషి. అడుగు తీసి అడుగు వేయాలంటే పెద్దవాళ్ళు ఎలా వేసేవాళ్ళో గుర్తు చేసుకుంటారు. ఆవిడ లెక్కలో, పిల్లని అడగడానికి వెళ్ళినవాళ్ళు నోరు తెరిచి జవాబు అడగకూడదు. పిల్ల తెచ్చిన కాఫీ తియ్యగా ఉంటే సరే. చేదుగా ఉంటే వద్దు. అంతే! మాటల జబ్బున్న ఊళ్ళో మాట లేకుండా తేలే వ్యవహారం ఇదొక్కటే. ఎవరికీ తలవంపులుండవు.

ఆ రోజు రానే వచ్చింది. మెవ్లిదాగారు నల్లకోటు వేసుకుని, మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చారు. వెనకాల నెదీమ్, మెడకి టై బిగించుకుని, ఊపిరి ఆడక.

ఆల్దీనా సంగతేమిటంటారా? ఆ పిల్ల వారం రోజులుగా నిద్రపోలేదు. తన దగ్గరున్న వాటిలోకెల్లా మేలైన ఇథియోపియా గింజలు ఈ రోజు కోసమే దాచిపెట్టింది. పొద్దున్నే వేయించి, వాసన చూసి, పారబోసి, మళ్ళీ వేయించింది. ప్రాణం పెట్టి చేసిన కాఫీ అది. అది నేను కళ్ళారా చూశాను.

"ఒక్క పంచదార బిళ్ళ పక్కన పెట్టవే" అని మా అక్కయ్య వంటింట్లో గుసగుసలాడింది.

"అమ్మా! ఈ గింజకా? చంపేస్తావా ఏమిటి దాన్ని?"

బల్ల మీద ఐదు కప్పుల వరస, మనిషికో చెంచా, నడుమ రాగి చెంబు. మెవ్లిదాగారు కూర్చుని చుట్టూ చూశారు. బల్ల మీద చూశారు. బల్ల కింద కూడా చూశారనుకుంటాను.

"పంచదార ఏదమ్మా?" అన్నారు మెల్లగా.

"ఈ ఇంట్లో పంచదార పెట్టమండీ" అంది ఆల్దీనా, గర్వంగా.

మెవ్లిదాగారి మొహం కందగడ్డ అయింది. అయినా పెద్దమనిషి, సర్దుకున్నారు. గొంతు సవరించుకుని, "మా నెదీమ్ చిన్నప్పటినుంచీ..." అని మొదలుపెట్టారు.

"ష్‌ష్! ఇప్పుడు మాట్లాడకూడదండీ!"

మాట్లాడలేదు. నాలుగు నిమిషాలు. ఎంత ప్రశాంతత! గోడగడియారం టిక్కుటిక్కు వినపడింది. నెదీమ్ టై వెనక గుటక వినపడింది. ఆ తర్వాత ఆల్దీనా చెంచా ముంచి, సర్రుమని జుర్రి, కళ్ళు మూసుకుని, కాబోయే అత్తగారి ఎదురుగా చెంబులో ఉమ్మింది.

మెవ్లిదాగారి చేయి దానంతటదే గుండెల మీదికి పోయింది.

నెదీమ్ పాపం ధైర్యం చేసి ఒక చెంచా నోట్లో పోసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉంది?" అంది ఆల్దీనా. 

"పుల్లగా ఉంది" అన్నాడు, నిజాయితీపరుడు కదా, చచ్చినా అబద్ధం ఆడడు.

ఆల్దీనా మొహంలో రక్తం లేదు. గబగబా రెండో కప్పు ముందుకి తోసింది, యెమెన్. అది ఆరకముందే మూడోది, కొలంబియా. ఇక్కడే మెవ్లిదాగారు లేచి నిలబడ్డారు. రాక కాఫీ, కబుర్ల కాఫీ, సాగనంపే కాఫీ. మూడూ పావుగంటలో!

"నెదీమ్, లే నాన్నా. అర్థమైంది."

"ఇంకా రెండున్నాయండీ!" అంది ఆల్దీనా కంగారుగా. "కెన్యా, గ్వాటెమాలా!"

"మూడోదే చాలమ్మా" అన్నారు మెవ్లిదాగారు. గుమ్మంలో ఆగి మా అక్కయ్యతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "షెఫికాగారూ, వద్దనుకుంటే ఒక్క కప్పుతో చెప్పొచ్చు. ఐదు దేశాల చేత చెప్పించాలా?"

చూశారా ఎంత సుఖమో! పాత పద్ధతిలో అయితే సంబంధం తప్పిపోవడానికి మూడు గంటలు పట్టేది.

ఆ పూట ఆల్దీనా, నెదీమ్ వదిలేసిన కప్పు ఎత్తి నాకు చూపించింది. "ఒక్క చెంచాతో వదిలేశాడు మామయ్యా. వాడికోసం దాచిన గింజలు. పుల్లగా ఉందట! నా చేతి కాఫీ మింగలేనివాడు నాతో ఏం కాపురం చేస్తాడు?"

"ఒసే పిచ్చిదానా, వాళ్ళు వేరేలా..." అని నేను అనబోయాను. తలుపు వేసుకుంది. నెదీమ్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆ తర్వాత అతనూ మానేశాడు.

నేను మెవ్లిదాగారికి ఫోన్ చేశాను. "చిన్న పొరపాటు జరిగిందండీ..."

"వహీద్‌గారూ, మీరు రాసేవాళ్ళు. మాటలు ఎటు కావాలంటే అటు తిప్పగలరు. కాఫీ అబద్ధమాడదు" అని పెట్టేశారు.

మర్నాటి నుంచి ట్రామ్ మా కొట్టు ముందు గంట కొట్టడం మానేసింది. వీధిలో రొద తగ్గింది. ఇది కూడా స్పెషాల్టీ కాఫీ పుణ్యమే అని మీరు గమనించాలి. ఆల్దీనా మాత్రం ట్రామ్ వచ్చే వేళకి కిటికీ దగ్గరికి పోవడం మానలేదు. ట్రామ్ వచ్చేది, మూగగా పోయేది. పిల్ల మళ్ళీ తక్కెడ దగ్గరికి వచ్చి, తూచిందే తూచేది. మా అక్కయ్య వంటింట్లో కళ్ళొత్తుకునేది. ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే, నాకు నా వ్యాసాలు నేనే చదువుకోవాల్సిన గతి పట్టింది.

శనివారం మధ్యాహ్నం అసలు ఘోరం జరిగింది.

పెళ్ళిచూపులకని దాచినవాటిలో మిగిలిన ఇథియోపియా గింజలన్నీ డ్రమ్ములో పోసింది ఆల్దీనా. ట్రామ్ చప్పుడైంది. కిటికీ దగ్గరికి పోయింది. ట్రామ్‌లో నెదీమ్ తలతిప్పకుండా నిటారుగా కూర్చుని పోతున్నాడు. వెనక గింజలు చిటపటమన్నాయి. ఈ పిల్ల కదలలేదు. కాసేపటికి రెండోసారి, ఈసారి సన్నగా, గబగబా, ఎండుపుల్లలు విరిగినట్టు. అయినా కదలలేదు. పొగ చుట్టుముట్టాక వెనక్కి తిరిగి కెవ్వుమంది.

తీసి చూస్తే గింజలు కారునలుపు! నూనె కక్కి నిగనిగలాడుతున్నాయి. మల్లెపూలు పోయాయి, ఆప్రికాట్ పోయింది, కొండ పోయింది, రైతు పోయాడు.

ఇక ఆ వాసన! ఏం చెప్పమంటారు? మా అమ్మమ్మ పెరట్లో నిప్పులమీద ఇనుప డ్రమ్ము తిప్పుతుంటే వీధి మొదట్లోకే తగిలే వాసన. కొట్టు దాటింది, పట్టాలు దాటింది, గోడలెక్కింది. ఎదురింట్లో కిటికీ తెరుచుకుంది. పై అంతస్తులో తలుపు చప్పుడైంది. మా అమ్మమ్మ ఒక మాట అనేది, కాఫీ వేగే వాసన ఎవరి ముక్కుకి తగిలిందో వాళ్ళకి కప్పు ఇవ్వకుండా పంపితే ఇంటికి మంచిది కాదని. ఆ మాట మా పేటలో పెద్దవాళ్ళందరికీ తెలుసు.

కాబట్టి మార్కెట్ నుంచి ఉల్లికాడల సంచితో ఇంటికి పోతున్న మెవ్లిదాగారు మా కొట్టు ముందు ఆగారు. పెళ్ళి మాట కోసమైతే ఆవిడ ఈ గడప తొక్కరు, తల తెగిపడినా తొక్కరు. కాని వాసన హక్కు వేరు కదా! తల ఎత్తుకుని లోపలికి వచ్చారు.

"ఈ ఇంట్లో ఎవరో కాఫీ వేయించారు" అన్నారు.

ఆల్దీనా నల్లగింజల ముందు కూలబడి ఏడుస్తోంది. "మాడిపోయిందండీ... మొత్తం మాడిపోయింది..."

మెవ్లిదాగారు సంచి కింద పెట్టి, ఒక గింజ తీసి కొరికారు. "మాడలేదమ్మా. ఇప్పటికి వేగింది."

"పారేస్తానండీ."

"చేయి విరగ్గొడతాను!"

అంతే, మా అక్కయ్య మెట్లమీద నుంచి రాగిగిన్నెతో ఎలా దిగిందో నేను చూడలేదు. దిగేసింది. నన్ను ఇత్తడి మర దగ్గర కూర్చోబెట్టి తిప్పమన్నారు. తక్కెడ లేదు, గడియారం లేదు. గిన్నెలో నురగ పొంగింది. కాఫీ కప్పుల్లో పడుతుంటే మెవ్లిదాగారు బల్లకేసి చూస్తూ, ఎవరితోనూ కానట్టు అన్నారు.

"ఆ రోజు చేదు పెట్టావు. మా వాడు ఇప్పటికీ అన్నం సరిగా తినట్లేదు."

"చేదా? అది చేదు కాదండీ, అది మల్లె..." ఆల్దీనా సగంలో ఆగిపోయింది. నెత్తి కొట్టుకుంది. "అయ్యో! పంచదార! నాకు ఆ సంగతే తట్టలేదండీ. మంచి గింజ పాడవుతుందని... మీకు నా దగ్గరున్న వాటిలో మేలైనది పెడదామని..."

"మరి మూడు కప్పులు?"

"ఐదు పెడదామనుకున్నా!"

"ఉమ్మడం?"

"అది... అది మర్యాదేనండీ!"

మెవ్లిదాగారు ఆ పిల్లని కిందినుంచి పైదాకా చూశారు. పెదవి మెలితిరిగింది. నవ్వు ఆపుకోవడానికని నాకు అర్థమైంది, ఆల్దీనాకి అర్థం కాలేదు. ఒక్క ఉదుటున లేచింది.

"అమ్మా! పంచదార ఎక్కడ?"

"ఈ ఇంట్లో పంచదార ఎక్కడిదే?" అంది మా అక్కయ్య, వంటింట్లో పిండి డబ్బా వెనక నుంచి పెద్ద సీసా పట్టుకొస్తూ. నెలల తరబడి అక్కడే దాచుకుని తింటోంది, దొంగ!

ఆల్దీనా మెవ్లిదాగారి కప్పులో ఒక బిళ్ళ వేసింది. ఆవిడ మొహంలోకి చూసింది. ఇంకోటి వేసింది. ఇంకోటి.

"సరే అనడానికి ఒకటి చాలమ్మా."

నాలుగోది కూడా వేసింది. "తాగండి అత్తయ్యా" అంది.

మెవ్లిదాగారు ఆ పాకం ఎత్తి, ఆఖరు చుక్కదాకా తాగారు. మింగారు. "నాకు షుగర్ వ్యాధి ఉంది" అన్నారు. "అయినా ఇవాళ పరవాలేదు." ఆ తర్వాత ఫోన్ తీసి కొడుక్కి చెప్పారు. మళ్ళీ వచ్చిన ట్రామ్ మలుపు దగ్గర మొదలుపెట్టి వీధి చివరిదాకా గంట ఆపలేదు. లోపలున్న ప్రయాణికులు డ్రైవర్‌ని ఏమేం తిట్టారో పత్రికలో అచ్చువేయడం కుదరదు.

ఆల్దీనా కూడా ఒక గుక్క తాగింది. అలవాటుగా కళ్ళు మూసుకుంది. "రుచికి వేసే మార్కుల్లో దీనికి సున్నాయే..."

"ఎవరడిగారే నిన్ను?" అంది మా అక్కయ్య.

ఈలోగా పై అంతస్తావిడ కూడా దిగివచ్చింది. ఆవిడ పేరు సెనాదా. కుట్టుపని చేస్తుంది. మంచి గొంతు, మా అక్కయ్యకి సరిజోడు. ఏడాదిగా నెత్తిమీద నడుస్తున్న మనిషి పేరు ఇవాళ తెలిసింది.

నా అభిప్రాయం మార్చుకున్నానని అనుకుంటున్నారా? లేదు! పుల్ల కాఫీ గొప్పదే. ఆల్దీనా సోమవారం మళ్ళీ మల్లెపూలు వేయిస్తుంది, కావాల్సినవాళ్ళు వచ్చి కొనుక్కోండి. నిశ్శబ్దం ఆరోగ్యానికి మంచిది. ఒక్క సంగతి మాత్రం చెప్పి ముగిస్తాను. రెండో గిన్నె పొంగుతుండగా మెవ్లిదాగారు నా వైపు తిరిగి, "మీరెలా ఉన్నారు వహీద్‌గారూ?" అన్నారు.

నేను బిత్తరపోయాను. ఇన్నాళ్ళుగా ఈ బల్ల దగ్గర నా నాలుకకి ఏం తగిలిందని అడిగినవాళ్ళే గాని, నేనెలా ఉన్నానని అడిగినవాళ్ళు లేరు.  చెప్పడానికి ఇంత ఉందని నాకే తెలియదు. మోకాలి నొప్పితో మొదలుపెట్టాను. ఆవిడ "అయ్యయ్యో" అన్నారు.

ఎడిటర్‌గారు రెండుసార్లు ఫోన్ చేశారు, వ్యాసం ఏదని. ఇదిగో, ఈ బల్ల మీదే, మోచేతుల నడుమ రాసి పంపుతున్నాను. పొద్దు వాలింది. నెదీమ్ డ్యూటీ దిగి వచ్చి, డ్రైవర్ టోపీతోనే కూర్చున్నాడు. సాగనంపే కాఫీ రాగానే లేచిపోదామని అందరం అనుకుంటున్నాం. ఇప్పుడే ఆల్దీనా గిన్నె పట్టుకుని లోపలినుంచి వచ్చింది. సెనాదా మాట ఆపేసింది. మెవ్లిదాగారు ఉల్లికాడల సంచి దగ్గరికి లాక్కున్నారు.

"ఇది ఏ కాఫీయే?" అంది మా అక్కయ్య, భయపడుతూ.

"కబుర్లదే" అంది ఆల్దీనా, పోస్తూ.